తగినంత ఉప్పు

"ఉప్పు డబ్బా ఖాళీ చేసి కడిగి బోర్లించాను. రాజుల కాలంలో ఈ అయోడిన్ ఉప్పు ఎక్కడిదే? ఇదిగో, సైంధవ లవణం. ఇవాళ అన్నింట్లోకీ ఇదే," అని భీమశంకరం ఒక పొట్లం తెచ్చి వంటింటి గట్టుమీద పెట్టాడు.

చెక్కపీట ముందు కూచుని పనసకాయ ముక్కల్ని కత్తితో పొట్టుగా కొడుతున్న సుభద్ర చెయ్యి ఆగిపోయింది.

"పాత ఉప్పు ఏం చేశారు?"

"సింకులో పోసేశాను. ఉంటే నీ చెయ్యి దానిమీదకే పోతుంది. యాభై ఏళ్ళ అలవాటు ఒక్క పూటలో పోతుందా?"

జిగురంటకుండా అరచేతులకి రాసుకున్న నూనె మోచేతి దాకా కారుతోంది. తుడుచుకోవాలని కూడా తోచలేదామెకి. పొట్లం మీద హిందీలో 'వ్రత్ కా నమక్' అని ఉంది. నవరాత్రులు కదా, ఇందిరాపురంలో ఏ కొట్టు చూసినా ఈ ఉప్పు పొట్లాలే. ఉపవాసాలుండే పక్కింటి వాళ్ళు బంగాళాదుంపల మీద చల్లుకుంటారని తెలుసుగానీ, సుభద్ర ఎన్నడూ దాన్ని చేత్తో ముట్టుకుని ఎరగదు. గులాబి రంగు గడ్డలు. ఎంత దంచితే ఎంత పొడి అవుతుందో, ఆ పొడి ఎంత వేస్తే కూరకి ఎంత అంటుతుందో ఆమె చేతికి తెలియదు. ఆమెకి ఉప్పు తెలిసింది చేతి ద్వారానే.

భీమశంకరం వెళ్ళిపోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాడు. "ఇవాళ కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెయ్యి. ఆ రేవతి అనే అమ్మాయి దర్యాగంజ్ నుంచి వస్తోంది. వాళ్ళ కంపెనీ నా వంటల పుస్తకం వేస్తుందా లేదా అన్నది ఈ భోజనం మీదే ఉంది. పోయినసారిలా చేశావో..."

వాక్యం అక్కడ ఆపేశాడు. ఆయన ఎప్పుడూ అంతే, సగమే అంటాడు. మిగతా సగం ఆమె తనలో తాను పూర్తి చేసుకోవాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ అలా పూర్తి చేసుకున్న సగాలన్నీ కలిపితే ఎంత పెద్ద మాటవుతుందోనని ఒక్కోసారి ఆమెకి అనిపిస్తుంది. ఈసారి మిగిలిన సగం మాత్రం ఊహించుకోనక్కర్లేదు. మొన్న రాత్రి భోజనాల దగ్గర కొడుకు అజయ్‌తో ఆయన పైకే అన్నాడు. "మీ అమ్మ చెయ్యి తప్పుతోందిరా. ఈసారి కూడా పాడు చేస్తే ఆ కేటరింగువాణ్ణి మాట్లాడేద్దాం. ఆవిడ హాయిగా సోఫాలో కూచుని టీవీ చూసుకుంటుంది." అజయ్ ఫోన్లోంచి తల ఎత్తకుండా "ఠీక్ హై నాన్నా, అమ్మకీ రెస్ట్" అన్నాడు. ఆ మాట ప్రేమగానే అన్నాడు. అందుకే సుభద్రకి భయం వేసింది.

హాయిగా కూచోవడం అంటే ఏమిటో ఆమె చూసింది. అత్తగారిని చివరి రోజుల్లో అలాగే హాయిగా కూచోబెట్టారు, కంటోన్మెంటు క్వార్టర్సు వరండాలో, ప్లాస్టిక్ నవారు కుర్చీలో. గరిటె చేతిలోంచి తీసుకున్నాక ఆ మనిషి ఎక్కువకాలం లేదు. అక్క హైమవతీ అంతే. కోడళ్ళు "మీకెందుకత్తయ్యా" అన్న ఏడాదే. వంటింట్లోంచి వెళ్ళినవాళ్ళు ఇంట్లోంచి వెళ్ళడానికి ఎంతోకాలం పట్టదని సుభద్రకి ఒక లెక్క. అది తప్పుడు లెక్క కావచ్చు. కానీ మనుషులు వెళ్ళిపోవడం గురించి ఆమె లెక్కలు సాధారణంగా తప్పవు.

భీమశంకరం ఢిల్లీ కంటోన్మెంటు సప్లై డిపోలో సుబేదారుగా రిటైరయ్యాడు. బియ్యం, పప్పు, చక్కెర లారీల లెక్కన చూసిన మనిషి. ఇంట్లో ఏ డబ్బాలో ఏముందో మాత్రం తెలియదు. రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక తిరుగుతుంటే ఎవరో పాతకాలపు రాచవంటల పుస్తకం ఒకటి ఇచ్చారు, తాళపత్రాల నుంచి అచ్చు వేసింది. దాంతో ఆయనకి ఒక దారి దొరికింది. మిరపకాయ మన దేశానికి రాకముందు కూరలు ఎలా ఉండేవి, రాజుగారి పంక్తిలో ఏమేం వడ్డించేవారు, ఇవన్నీ చెప్పడం మొదలుపెట్టాడు. తెలుగు సంఘంలో ఉపన్యాసాలు, తర్వాత ఆదివారం భోజనాలు, ఆ తర్వాత అజయ్ చేత ఫోన్లో వీడియోలు. ఫరీదాబాద్ నుంచి, గుర్గావ్ నుంచి జనం వస్తారు. పాకశాస్త్రవేత్త అని పిలుస్తారు.

ఆ పుస్తకాన్ని సుభద్ర కూడా చదివింది. అసలు ముందు చదివింది ఆమే. అయిదో తరగతితో బడి మానిపించినా, ఏ ఊరు బదిలీ అయితే ఆ ఊళ్ళో దొరికిన తెలుగు కాగితమల్లా చదువుకుంటూ వచ్చింది. అంబాలాలో అయితే తెలుగు దొరక్క పచ్చళ్ళ జాడీకి చుట్టొచ్చిన పత్రికని నెలంతా చదివింది. పుస్తకంలో "ఆవ పెట్టి దించునది" అన్న చోట ఆయన ఆవాలు పోపులో వెయ్యమన్నాడు. కాదండీ, పచ్చి ఆవాలు నూరి, కూర పొయ్యి దించాక కలపడం అని ఆమె చెప్పింది. మర్నాడు తెలుగు సంఘంలో ఆయన అదే మాట చెబితే చప్పట్లు కొట్టారు. ఆమె వెనక వరసలో కూచుని తనూ కొట్టింది.

వీడియోల్లో గరిటె తిప్పేది ఆయన. అంతా అయ్యాక, పొయ్యి కట్టేసే ముందు, "ఇలా ఇయ్యి" అని తీసుకుని తిప్పుతాడు. "అమ్మా, ఫ్రేములోంచి కాస్త తప్పుకో" అంటాడు అజయ్. ఒకసారి తప్పుకోవడం ఆలస్యమై ఆమె గాజుల చెయ్యి పడింది. ఆ చెయ్యి ఎవరిదని వీడియో కింద కామెంట్లలో ఎవరో అడిగారు. తండ్రీకొడుకులు కూచుని ఆ ముక్క కత్తిరించి మళ్ళీ పెట్టారు.

ఇదంతా ఆమెకి కొత్త కాదు, పెద్ద బాధా కాదు. బాధ వేరే ఉంది. అది ఎవరికీ తెలియదు.

పోయిన దీపావళికి, ఊరంతా పొగ కమ్ముకున్న రోజుల్లో, ఆమెకి జ్వరం వచ్చింది. నాలుగు రోజులకి తగ్గింది. తగ్గిన పొద్దున కాఫీ డికాక్షన్ దించుతూ ఫిల్టరు మూత తీస్తే వాసనేమీ రాలేదు. పొడి పాతదేమో అనుకుంది. స్నానం చేస్తే సబ్బు వాసన రాలేదు. దేవుడి దగ్గర కర్పూరం వెలిగిస్తే కంటికి వెలుగు కనిపించింది, అంతే. అప్పుడు గబగబా అలమారా తీసి అక్క చీర బయటికి లాగింది.

హైమవతి పోయినప్పుడు సుభద్ర వెళ్ళలేదు. వెళ్ళనియ్యలేదు. "ఇప్పుడెళ్ళి ఏం చేస్తావు, నువ్వు రాజమండ్రి చేరేసరికి అంతా అయిపోయి ఉంటుంది. శనివారం నాకు ఉపన్యాసం ఉంది, ప్రసాదాలెవరు చేస్తారు?" అన్నాడు భీమశంకరం. ఆ శనివారం ఆమె పెసరపప్పు నేతిలో వేయించి మిరియాలు నూరి పొంగలి చేసింది. అక్క కొడుకు తర్వాత ఎప్పుడో వస్తూ ఒక నేత చీర తెచ్చిచ్చాడు. ఆముదం, వంటింటి పొగ, కాస్త నెయ్యి కలిసిన వాసన. అది అక్కే. సుభద్ర దాన్ని ఉతకలేదు, కట్టలేదు. తోచనప్పుడు మడత విప్పి మొహానికి ఆనించుకునేది. ఆ పొద్దున ఆనించుకుంటే అది ఉత్త గుడ్డ. అటు తిప్పి, ఇటు తిప్పి, మంచం మీద పరిచి కొంగుదాకా వెతికింది. అప్పుడు ఏడ్చింది, అక్క పోయినప్పుడు ఏడవని ఏడుపంతా.

ఎవరికీ చెప్పలేదు. చెబితే ఏమవుతుందో తెలుసు. ఎందుకంటే ఆమె వంట అంతా ముక్కుతోనే.

కాపురానికి వచ్చిన కొత్తలో పులుసు చేతిలో వేసుకుని రుచి చూడబోతే అత్తగారు వెనకనుంచి వచ్చి చెయ్యి తట్టేసింది. "నాలుక మీద వేసుకుని వండేది వంట కాదు, ఎంగిలి. మడిలో ఆవిరి చూసి చెప్పాలి ఉప్పెంతో." వేడి పులుసు పాదాల మీద పడింది. అప్పట్నుంచీ ఆమె వండుతూ రుచి చూసింది లేదు. దేవుడికి నైవేద్యం అయ్యాక కూడా, మగవాళ్ళు విస్తళ్ళ ముందునుంచి లేచేదాకా ఆమె నాలుక మీద మెతుకు పడదు. మూత తీసి ఆవిరి పీల్చి, ఉప్పు చాలింది, పులుపు ఇంకాస్త పడుతుంది, అని తెలుసుకోవడం నేర్చుకుంది. ఎలా తెలిసేదంటే చెప్పలేకపోయేది. తెలిసేది. కోడలు నవ్యశ్రీ కొత్తగా వచ్చినప్పుడు నోరు తెరిచి చూసింది. "టేస్ట్ చెయ్యకుండానా అత్తయ్యా? కళ్ళు మూసుకుని కారు నడిపినట్టు ఉంది."

ఇప్పుడు నిజంగానే కళ్ళు మూసుకుని నడుపుతోంది. పోపు వేగడం చెవితో కనిపెడుతుంది. నెయ్యి కాగడం రంగుతో. ఇంగువ సంగతి తెలుసుకోవడానికి ఒక ఉపాయం పట్టింది. "అమ్మాయీ, పోపు వాసనకి నీ మీటింగు పాడవుతోందా, తలుపు వెయ్యనా?" అని నవ్యశ్రీని అడుగుతుంది. పర్లేదంటే ఇంగువ చాలలేదన్నమాట. దగ్గుతూ వెయ్యమంటే సరిపోయిందన్నమాట. కానీ ఉప్పుకి రంగు లేదు, చప్పుడు లేదు. ఉప్పు సంగతి ఇన్నాళ్ళూ చేతి కొలత చూసుకుంది. రోజూ వాడే ఉప్పు, రోజూ వేసే మూడు వేళ్ళ పట్టు. అయినా పోయిన నెల భోజనాల్లో వంకాయ కూర ఉప్పగా అయింది. రెండుసార్లు వేసిందో ఏమో. అందరి ముందూ భీమశంకరం మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, మొహం చిట్లించి, "మా ఆవిడ చెయ్యి ఈమధ్య మరీ ఉదారమైపోయింది" అన్నాడు. అందరూ నవ్వారు. వడ్డిస్తున్న సుభద్ర కూడా నవ్వింది.

ఆ రాత్రి పడుకోబోతుంటే తట్టింది. బాగుంటే వండినవాడు ఆయన. బాగుండకపోతే వండింది తను.

పనసపొట్టు కొట్టడం అయింది. పసుపు వేసి ఉడకబెట్టి, వార్చి, గుడ్డలో పిండింది. ఆవాలు చిన్న రోట్లో వేసి నూరింది. ఘాటు ముక్కులోకి కొట్టింది. అది వాసన కాదు, మంట. అయినా ఆమెకి కాస్త సంతోషం కలిగింది, తలుపు పూర్తిగా మూసుకోలేదని ఎవరో చెప్పినట్టు. తర్వాత సైంధవ లవణం గడ్డలు దంచింది. పొడి మెత్తగా గులాబి రంగులో, మొహానికి రాసుకునే పౌడరులా ఉంది. మూడు వేళ్ళతో తీసి పట్టి చూసింది. తేలిగ్గా ఉందా? బరువుగా ఉందా? పుస్తకం తీసి చూసింది. 'సైంధవము తగినంత' అని ఉంది. తగినంత. ఎవరో ఒకరు నాలుక మీద వేసుకుంటే తప్ప ఆ మాటకి అర్థం తేలదు. ఆ పుస్తకం రాసినాయన ఎవరి నాలుకని నమ్మి అలా రాశాడో.

"అత్తయ్యా."

నవ్యశ్రీ గుమ్మం అవతల నిలబడి ఉంది. ఇవాళ మడివంట, కోడలు గడప దాటకూడదని మామగారి ఉత్తర్వు. అదీ ప్రామాణికతలో భాగమే అట. చెవిలో ఫోను తాలూకు చిన్న ముక్క పెట్టుకుని, చేతిలో మగ్గుతో, ఆఫీసు కాల్ మధ్యలోంచి లేచి వచ్చినట్టుంది.

"మీకు స్మెల్ తెలియట్లేదు కదా?"

సుభద్ర పోపుగరిటె పొయ్యి మీద పెట్టింది. "ఎవరన్నారు?"

"ఎవరూ అన్లేదు. మొన్న పాలు మాడి నేను పరిగెత్తుకొస్తే మీరు ఆ గిన్నె పక్కనే నిలబడి కొత్తిమీర కోస్తున్నారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ పోయింది కదా. జియా సరాయ్‌లో రూములో ఉన్నప్పుడు, మూణ్ణెల్లు. ఆ మొహం నాకు తెలుసు."

"మీ మావయ్యగారికి చెప్పకు."

"చెప్పను. కానీ ఇవాళెలా? కొత్త ఉప్పట కదా. కొంచెం చేతిలో వేసుకుని చూడండి. నేనిక్కడ నిలబడతా, మావయ్యగారు వస్తే దగ్గుతా."

"ఛ."

"పోనీ నేను చూసి చెప్పేదాన్నే. కానీ ఈ ఆవకూర నేను పుట్టి ఎరగను. నా నాలిక్కి పిజ్జా ఉప్పే తెలుసు. నేను బాగుందంటే మీ కొంప మునిగిందన్నమాటే."

సుభద్రకి నవ్వొచ్చింది, వెంటనే పోయింది. పోపు చిటపటలు ఆగాయి. సెనగపప్పు ఎర్రబడింది. మిరియాల పొడి, కరివేపాకు, చింతపండు రసం, పొట్టు. కళాయిలో కూర దగ్గరపడుతోంది. ఉప్పు వెయ్యాల్సిన వేళ. మూడు వేళ్ళు పొడిలో పెట్టింది. చేతికి గుర్తున్నంతే తీసింది. వేసింది. ఇంకొంచెం తీసి, వంకాయకూర రోజు నవ్వులు చెవిలో పడి, మళ్ళీ గిన్నెలోకి వదిలేసింది.

"తలుపు దగ్గర నిలబడనా మరి?" అంది నవ్యశ్రీ ఇంకోసారి, గొంతు తగ్గించి.

"వద్దు. దొంగతనంగానా?"

అన్నాక తనే ఆ మాట విని ఆగిపోయింది. ఎంగిలి అని కదా అనాల్సింది. నోట్లోంచి వచ్చింది దొంగతనం అని. తను వండిన కూర, తను నిలబడిన వంటిల్లు, తన నాలుక. ఇందులో దొంగతనం ఎక్కడుంది? ఇన్నేళ్ళూ తనని ఆపింది మడి అనే అనుకుంది. కూర దించి, ఆవముద్ద కలిపి, పైన పచ్చినూనె పోసి కలుపుతున్నంతసేపూ ఆ ఒక్క మాటనే లోపల అటూ ఇటూ దొర్లించింది.

అతిథులు వచ్చేశారు. తెలుగు సంఘం కార్యక్రమాలన్నీ చూసే సుధీంద్ర గొంతు గుమ్మంలోంచే వినిపించింది. "మాస్టారూ, లిఫ్టులోనే ఆకలి మొదలైంది. కిందటి జన్మలో రాజాస్థానంలో ఉండి ఉంటాను."

"ఏ హోదాలో?" అన్నాడు భీమశంకరం.

"విస్తరాకులు కుట్టే హోదాలో."

నవ్వులు. ఐఎన్ఏ మార్కెట్ నుంచి తెచ్చిన అరిటాకులు హాల్లో నేలమీద పరిచారు. రేవతి అనే అమ్మాయి ఫరీదాబాద్‌లో పుట్టి పెరిగింది. సన్నగా, జుట్టు పైకి ముడేసుకుని, నేరుగా వంటింటి గుమ్మంలోకి వచ్చేసింది. "నమస్తే ఆంటీ. క్యా ఖుష్బూ హై. మా నానమ్మ ఇంట్లో ఇలాగే వాసన వచ్చేది."

"ఎలా వస్తోందమ్మా?" అంది సుభద్ర. మామూలుగా అడిగినట్టే అడిగింది.

రేవతి కళ్ళు మూసుకుని పీల్చింది. "ఘాటుగా... ముక్కు ఇక్కడ పట్టేసినట్టు. తర్వాత పులుపు. ఆ తర్వాత ఏదో నెయ్యిలా. ఐ డోంట్ నో, ఆంటీ. ఎవరో ఇంట్లో ఉన్నారు అన్నట్టు వస్తోంది."

సుభద్ర తల తిప్పుకుని మూతలు సర్దింది. ఈ పిల్లకి వస్తోంది. అక్క చీర కూడా ఈ పిల్ల మొహానికి ఆనిస్తే ఏదో చెబుతుందేమో. వాసన లోకంలోంచి పోలేదన్నమాట. తనలోంచి మాత్రమే పోయింది. అది ఓదార్పో కాదో తేల్చుకునే తీరిక లేదు. హాల్లోంచి ఆయన కేక. "ఏమేవ్, నైవేద్యం కానియ్యి."

దేవుడి గూటి ముందు అన్నం, పప్పు, మిరియాల చారు, పనసపొట్టు ఆవకూర, పాయసం అన్నీ కొంచెం కొంచెం పెట్టి, నీళ్ళు తిప్పి, గంట వాయించింది. కళ్ళు మూసుకుంటే ప్రార్థన రాలేదు. ఒక ఆలోచన వచ్చింది. దేవుడు తినేశాడు. ఇంక దీన్ని నేను ముట్టుకుంటే అది ఎవరికి ఎంగిలి?

గంట కింద పెట్టింది. ఇలాంటి ఆలోచన వచ్చినప్పుడు సాధారణంగా ఆమె లేచి ఏదో గిన్నె కడుగుతుంది. ఇప్పుడు కడగడానికి గిన్నె లేదు.

హాల్లో అందరూ కూచున్నారు. మోకాళ్ళ నొప్పులని సుధీంద్ర ఒక్కడికీ పీట వేశారు. భీమశంకరం పట్టుపంచె కట్టి పంక్తిలో మొదటి ఆకు ముందు కూచున్నాడు. అజయ్ ఫోను స్టాండుకి బిగించాడు. సుభద్ర వడ్డించింది. అన్నం, దాని పక్కన కూర, నెయ్యి. నడుస్తుంటే ఒక్కో ఆకులోకీ పడే కూర వంక చూసింది. చూడ్డానికి బాగానే ఉంది. చూడ్డానికి వంకాయ కూర కూడా బాగానే ఉంది.

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. ఈ ఘట్టం ఆమెకి కంఠతా వచ్చు.

"భోజనానికి ముందు ఒక ఆచారం. రాజుగారి పంక్తిలో అందరికీ వడ్డించాక, వండినవాడు వచ్చి, రాజుగారు చూస్తుండగా, మొదటి ముద్ద తను తినాలి. ఎందుకు? విషం లేదని రుజువు. అంతే కాదు, తన వంటకి తను పూచీ అని. ఆ ముద్ద పడేదాకా చక్రవర్తి అయినా చెయ్యి పెట్టకూడదు. మా ఇంట్లో ఆ ఆచారం ఇప్పటికీ పాటిస్తున్నాం." చెయ్యి కడుక్కుని, అన్నంలో కూర కలపడానికి వేళ్ళు ముందుకి చాచాడు.

"ఆగండి," అంది సుభద్ర.

పెద్దగా అనలేదు. కానీ ఆమె ఇన్ని ఆదివారాల్లో హాల్లో మాట్లాడటం అదే మొదటిసారి కావడంతో అందరికీ వినిపించింది.

కూర గిన్నె కింద పెట్టింది. మిగిలిన అరిటాకు ముక్క ఒకటి తీసుకుని, ఆయన ఆకు పక్కనే నేలమీద పరిచింది. ఒక చెయ్యి గోడకి ఆనించి కూచుంది. మోకాళ్ళు పటుక్కుమన్నాయి.

"ఏమిటే ఇది?" అన్నాడు ఆయన, పళ్ళ మధ్యనుంచి, మొహం మీద నవ్వు చెదరనియ్యకుండా.

"మీరు చెప్పిందేనండీ. వండినవాళ్ళు ముందు తినాలన్నారు." కొంచెం అన్నం, కొంచెం కూర పెట్టుకుంది. "వండింది నేను."

సుధీంద్ర ఏదో చమత్కారం అనబోయి మానుకున్నాడు. రేవతి ఫోను ఉన్న వైపునుంచి సుభద్ర వైపుకి తిరిగి కూచుంది.

"సుభద్రా, లే. అందరూ ఆకలి మీద ఉన్నారు," అన్నాడు భీమశంకరం. తర్వాత కొడుకు వైపు, "అది ఆపరా."

అజయ్ ఫోను దాకా వెళ్ళాడు. తల్లి వంక చూశాడు. ఆమె కనుకొలకుల్లోంచి కనిపెడుతూనే ఉంది, వీడు కత్తిరిస్తాడా అని. అజయ్ చెయ్యి ఫోను మీద పెట్టి, నొక్కకుండా, స్టాండు కొంచెం పక్కకి తిప్పాడు. "అమ్మ ఫ్రేములో లేదు నాన్నా. అందుకే," అన్నాడు, క్షమాపణలా.

ఆమె ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

ముందు ఆవ మంట. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తర్వాత చింతపండు, నాలుక రెండు పక్కలా పట్టి లాగినట్టు. చివర్న మిరియం, గొంతులో. వాసన లేని రుచి ఎలా ఉంటుందంటే, మనిషి వెళ్ళిపోయిన గదిలో సామాన్లు ఎక్కడివక్కడే ఉన్నట్టు ఉంటుంది. అయినా సామాన్లు ఉన్నాయి. ఆమె ఓపిగ్గా నమిలింది. వెతికింది. ఉప్పు కోసం. ఎక్కడో అడుగున, సన్నగా, దూరంగా ఎవరో పిలిచినట్టు ఉంది. చాలదు.

అందరూ ఆమె మొహంలోకి చూస్తున్నారు. బాగుందని ఒక్కమాట అంటే చాలు, ఆయన నవ్వేసి ఇదంతా ఒక ముచ్చటగా మార్చేస్తాడు. రేపటికి ఒక కథ అవుతుంది, మా ఆవిడ కూడా ఎంత ఉత్సాహమో చూడండి అని. బాగులేదంటే కేటరింగువాడు, సోఫా, టీవీ. ఆమెకి రెండూ తెలుసు. నోట్లోది మింగింది.

"ఉప్పు చాలలేదు. ఎవరూ చెయ్యి పెట్టకండి, సరిచేసి తెస్తాను."

"పుస్తకంలో ఉన్న కొలతే కదా వేసింది," అన్నాడు భీమశంకరం, అతిథుల వైపు తిరిగి, కంగారుగా.

"పుస్తకంలో కొలత లేదండీ. తగినంత అని ఉంది," అంది సుభద్ర లేస్తూ. "నాకు జ్వరం వచ్చినప్పట్నుంచీ వాసన తెలియటం లేదు. నాలుక తెలుస్తోంది. ఇకమీదట రుచి చూసే వండుతాను."

అంత మామూలుగా చెప్పగలనని ఆమెకే తెలియదు. కాఫీలో పంచదార ఎంత అని అడిగినట్టు వచ్చింది. భీమశంకరం చెయ్యి ఆకు మీద గాల్లోనే ఉంది. దించితే తినాలి, తింటే ఆయన ఇప్పుడే చెప్పిన ఆచారం ఆయనే తప్పినట్టు. చక్రవర్తి అయినా, అని కదా అన్నాడు. మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాడు. ఈసారి గొంతులో కోపం ఉందో, ఇంకేమైనా ఉందో ఆమె ఆగి వినలేదు. దానికి తర్వాత బోలెడు టైముంది.

ఆకుల్లో పడ్డ కూరంతా నవ్యశ్రీ తిరిగి గిన్నెలోకి తీసి తెచ్చింది. "మడి అత్తయ్యా," అంది, గడప దగ్గర ఆగి.

"రా."

నవ్యశ్రీ గడప దాటి గిన్నె గట్టుమీద పెట్టి, హాల్లోకి వెళ్ళిపోయింది. సుభద్ర కూరంతా కళాయిలో వేసింది. సైంధవ లవణం మూడు వేళ్ళతో తీసి చల్లింది, అడుగునుంచి కలిపింది. గరిటెతో కొంచెం తీసి అరచేతిలో వేసుకుంది. ఎవరైనా వెనకనుంచి వచ్చి చెయ్యి తట్టేస్తారేమోనని భుజాలు వాటంతటవే బిగుసుకున్నాయి. ఎవరూ రాలేదు. తింది. ఇంకొంచెం పడుతుంది. మళ్ళీ చల్లింది, కలిపింది, చెయ్యి కడుక్కుని మళ్ళీ అరచేతిలో వేసుకుంది. నాలుక మీద ఉప్పు నిలబడింది, పులుపునీ ఘాటునీ చెరో పక్కనా పట్టుకుని. తగినంత.

హాల్లో అందరూ ఖాళీ చేతులతో వంటింటి వైపే చూస్తూ ఉండి ఉంటారు. తెల్లవారుజామున లేచినప్పటినుంచి తను మంచినీళ్ళు తప్ప ఏమీ తీసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది.

ఒక పళ్ళెం తీసుకుంది. అన్నం పెట్టుకుంది. కూర వేసుకుని, నెయ్యి వేసుకుని, తీరుబడిగా కలిపింది. ఈ ముద్ద ఉప్పు కోసం కాదు.